విప్పని మూట

నేను ఒక వైబ్రేటర్‌ను. పేరు వినగానే పేజీ తిప్పేయకండి. పదకొండేళ్ళపాటు ఒక ఇంట్లో, బీరువా పై అరలో, పట్టుచీరల వెనక ఎవరికీ ఏ హానీ చేయకుండా బతికినదాన్ని. మిక్సీ గురించి, ఇస్త్రీపెట్టె గురించి చెప్పడానికి ఇంట్లో పదిమంది ఉంటారు. నా గురించి నేనే చెప్పుకోవాలి.

ఆ ఆదివారం పొద్దున గొడవ టీవీ రిమోట్ సెల్లుల దగ్గర మొదలైంది. విశాఖపట్నంలో నాలుగో అంతస్తు ఫ్లాటు. బాల్కనీలో చల్లమిరపకాయలు ఆరబోసిన పళ్ళెంలో, మిరపకాయల మధ్య రెండు పెన్సిల్ సెల్లులు కూడా ఎండుతున్నాయి. ఆ పని సీతారత్నమ్మగారిది. ఆ ఇంటి పెద్దావిడ, డెబ్భై ఆరేళ్ళు. పట్టుకున్నది ఆవిడ మనవరాలు లహరి. ఇంజనీరింగు మూడో సంవత్సరం.

"నానమ్మా, మిరపకాయల్లో సెల్లులేంటి?"

"ఎండ తగిలితే ఇంకో పది రోజులు వస్తాయే."

"అవి చచ్చిపోయాయి. ఇవాళ కింద ఈ-వేస్ట్ తీసుకుంటున్నారు. ఇటివ్వు."

"చచ్చిపోయాయని నువ్వెలా చెప్తావు? నిన్న నా సీరియల్ మార్చలేదూ?"

"నేను లేచి వెళ్ళి టీవీకున్న బటన్ నొక్కాను నానమ్మా."

"నువ్వు నొక్కావు, అవి సాయం చేశాయి."

మామూలుగా ఇలాంటప్పుడు శశిరేఖ కలగజేసుకుని ఎవరో ఒకరి నోరు మూయిస్తుంది. శశిరేఖ లహరి తల్లి, సీతారత్నమ్మగారి కోడలు. నలభై తొమ్మిదేళ్ళు. ఆ రోజు మాత్రం ఆమె ఒక్క మాట కూడా అనకుండా గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో ఒక గుడ్డసంచీ, సంచీలో ఒకదాని మీద ఒకటి చుట్టిన నాలుగు నల్లకవర్లు, వాటి లోపల నేను. పైగా ఎండబెట్టే వైద్యం ఆమె కూడా చేసింది, నా మీద. దాని ఫలితమే ఈ నాలుగు కవర్లు.

మొదటినుంచీ చెప్తాను.

నేను పుట్టిన ఊరు నాకు తెలియదు. తెల్లటి దీపాలు, పొడవాటి బల్లలు, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు, అంతవరకే గుర్తు. నాలో పెట్టిన మోటారు చిటికెనవేలి మొదటి కణుపంత ఉంటుంది. అదే అట్టపెట్టెలో వచ్చిన దాని తోబుట్టువులు సెల్‌ఫోన్లలోకి వెళ్ళాయి. చొక్కా జేబుల్లో గుండె పక్కన కూర్చుని, మీటింగుల్లోనూ పెళ్ళిపందిళ్ళలోనూ వణుకుతూ గౌరవంగా బతుకుతున్నాయి. నా పనీ వణకడమే. చోటు మాత్రం పట్టుచీరల వెనక.

నన్ను తెప్పించింది శశిరేఖ భర్త ముకుందరావు. పోర్టు ఆఫీసులో పని. పెట్టె మీద 'శరీర మర్దన పరికరం' అని ఉంది. లోపలి కాగితాన్ని ఆయన ఆఫీసు సర్క్యులర్ చదివే గొంతుతో చదివాడు. "సదరు పరికరమును నీటిలో నానబెట్టరాదు. వినియోగానంతరము పొడిబట్టతో తుడవవలెను." ఆమె దిండులో మొహం దాచుకుని నవ్వింది. ఆ రోజుకి నా ఉద్యోగం అంతే, నవ్వించడం. మిగతాది ఆ తరువాత ఎప్పుడో, ఇద్దరికీ బిడియం తగ్గాక. మర్నాడు ఆమె పట్టు జాకెట్టు గుడ్డలో మిగిలిన ఆకుపచ్చ ముక్కతో నాకో సంచీ కుట్టింది. అడుగున రెండు వరసల కుట్టు వేసింది. ఏ పనైనా అలాగే చేస్తుంది.

ఐదేళ్ళ తరువాత ముకుందరావు గుండెపోటుతో పోయాడు. పదోరోజు అయ్యాక చుట్టాలు ఆయన బట్టలు విడదీసి మూటలు కడుతుంటే, ఒకావిడ చెయ్యి పై అర దాకా వచ్చింది. "అక్కడిది నేను చూసుకుంటాను" అంది శశిరేఖ. అన్ని రోజుల్లో ఆమె గట్టిగా పలికిన మాట అదొక్కటే.

ఆ తరువాత ఏడాదిన్నర నేను చీకట్లో ఉన్నాను. ఆకుపచ్చ సంచీ ముడి మళ్ళీ విప్పిన రోజు ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. తన ఒంటి మీద తనకు ఇంకా అధికారం ఉందని తెలిసి కొంచెం ఆశ్చర్యపోయింది. తరువాత లేచి మొహం కడుక్కుని, స్టవ్ మీద పాలు పెట్టుకుంది.

మనుషుల పద్ధతి నాకు పూర్తిగా ఎప్పుడూ అర్థం కాలేదు. దోమల్ని టపటపా చంపే బ్యాటును హాల్లో మేకుకి తగిలిస్తారు. వచ్చినవాళ్ళకి తీసి చూపిస్తారు కూడా. ఎవరి ప్రాణమూ తీయని నేను మాత్రం బయటపడితే ఇంటి పరువు పోతుందట.

మొన్న వేసవిలో నా బ్యాటరీ నీరసించింది. గంటలకొద్దీ ఛార్జింగు పెట్టినా రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా అత్తగారు సెల్లులు ఎండబెట్టి బతికించడం చూసినదే కదా, శశిరేఖ నన్నొక చేతిరుమాల్లో చుట్టి పడగ్గది కిటికీ ఊచల దగ్గర పెట్టింది. మే నెల ఎండ. ఒక పూట కాదు, మూడు రోజులు. రిమోట్ సెల్లులకి నప్పిన వైద్యం నాకు వికటించింది. లోపలి బ్యాటరీ పూరీలా ఉబ్బి నా అతుకు విచ్చుకుంది. అదోరకం తియ్యటి వాసన.

అప్పటినుంచి ఆమెకు కంటి నిండా నిద్ర లేదు. ఫోనులో వెతికి చదివింది. ఉబ్బినది ఎప్పుడైనా అంటుకోవచ్చట. ఉంచుకోవాలంటే మంట భయం. పారేయాలంటే ఎవరి చేతిలో పడుతుందో అన్న భయం. నాలాంటివాటిని రీసైకిల్ చేయాలా వద్దా అని ఎక్కడెక్కడివాళ్ళో వాదించుకోవడం కూడా చదివింది. కొందరు శుభ్రంగా తుడిచి ఇవ్వమన్నారు. కొందరు అంత శ్రమెందుకు, మామూలు చెత్తలో వేసేయమన్నారు. నా తొడుగు కరిగి మరో వస్తువు కావడం కష్టమే కానీ మోటారు, రాగితీగ, బ్యాటరీ మళ్ళీ పనికొస్తాయని ఒకరు ఓపిగ్గా రాశారు. నాకు ఆ మాట నచ్చింది.

ఒక సోమవారం ఆమె నన్ను బీచికి తీసుకెళ్ళింది. సంచీ పట్టుకుని చాలాసేపు నీళ్ళకేసి చూసింది. అల వచ్చి ఒక చెప్పు, వాడిన పూలదండ, సగం విరిగిన మట్టి బొమ్మ ఆమె కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళింది. సముద్రం ఏదీ ఉంచుకోదని అర్థమై ఆటో ఎక్కింది. దారంతా నన్ను ఒళ్ళో కాకుండా కాళ్ళ దగ్గర పెట్టుకుంది, అంటుకుంటానేమోనని. నాకేం కోపం రాలేదు.

ఇక మిగిలింది అపార్ట్‌మెంటులో ఆరునెలలకోసారి జరిగే ఈ-వేస్ట్ సేకరణ. అదే ఈ ఆదివారం. లహరి అదను చూసి మిరపకాయల పళ్ళెంలోంచి సెల్లులు తీసి తల్లి చేతిలో పెట్టింది. "నానమ్మ చూడకముందే ఇచ్చెయ్యమ్మా." శశిరేఖ ఒక చేతిలో సెల్లులు, ఒక చేతిలో నాతో లిఫ్టు దిగింది.

కింద సెక్రటరీ సోమయాజులుగారు బల్ల వేసుకుని కూర్చున్నారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ఆయనకో పద్ధతి ఉంది. తెచ్చిన ప్రతి వస్తువునూ కవరు విప్పి, పైకెత్తి, వస్తువు పేరు పైకి చదువుతూ రిజిస్టర్లో ఎక్కిస్తారు. ఫ్లాటు నంబరు, వస్తువు, దాని స్థితి.

"మూడువందల నాలుగు. గడ్డం గీసుకునే మెషీను." ఆయన దాన్ని వెలుతురులోకి ఎత్తారు. "మీవారిదేనాండీ?"

"మా ఇంట్లో అందరిదీనండీ. రాసుకోండి" అంది ముందున్నావిడ, ఎర్రబడిపోతూ. లైన్లో ఇద్దరు నవ్వారు.

శశిరేఖ వంతు వచ్చింది. "నాలుగువందల రెండు. ఏం తెచ్చారు శశిరేఖగారూ? ఆ సంచీ ఇలా ఇవ్వండి."

సంచీ వెనక్కి వెళ్ళింది. రెండో చెయ్యి ముందుకొచ్చింది.

"పెన్సిల్ సెల్లులు, రెండు" అని చదివి, ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నారాయన. "మిరపకాయ వాసన వస్తోందే! స్థితి ఏమని రాయమంటారు?"

"మీ ఇష్టమండీ" అని ఆమె గబగబా సెల్లారులోకి నడిచింది. పొడిచెత్త డ్రమ్ముల దగ్గరకి. నన్ను చప్పుడు కాకుండా వాటిలో ఒకదాన్లో వదిలేద్దామని. ఆమె చెయ్యి వణకడం నాకు తెలుస్తోంది. వణకడం గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

డ్రమ్ము అవతల నూకరత్నం గోనెసంచీ మూతి కడుతోంది. చెత్త వ్యాన్‌తో వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు. ఆమె మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు ఉంది.

"చేతికేమైంది నూకరత్నం?"

"కాలిందమ్మా. ఎవరో పొడిసెత్తలో బేటరీ పడీసినారు. యానులో నొక్కీసరికి బగ్గుమంది. సెయ్యి అడ్డం పెట్టీసినాను, లేపోతే మొకమే."

డ్రమ్ము మీదకి వెళ్ళిన శశిరేఖ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తరువాత మెల్లగా వెనక్కి వచ్చింది. నన్ను పడేసి ఉంటే ఆ రోజుతో ఆమె బెంగ తీరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"నా దగ్గర ఒకటుంది" అంది చివరికి. "బ్యాటరీ ఉబ్బింది. ఎవరికివ్వాలో తెలియడం లేదు."

"ఏటది?"

శశిరేఖ మొహం పక్కకి తిప్పుకుంది. నూకరత్నం సంచీ వంక చూసింది, నల్లకవరు అంచు చూసింది, ఆమె మొహం చూసింది. చూసి, కట్టులేని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సెప్పకండమ్మా, వొద్దు. నాలుగు కవర్లు సుట్టి మొకం తిప్పుకున్నారంటే మాకు తెలిసిపోద్ది. ఈ కాలనీలో మీరొక్కరే అనుకుంటన్నారేటి? సెత్త ఏరే షెడ్డులో మా ఆడోళ్ళం నెలకి రెండు మూడు సూస్తాం. మాకేటి సిగ్గు? మాకు బయం బేటరీతోనే. ఆ కవర్లే మమ్మల్ని సంపేత్తన్నాయి. లోపలేటున్నాదో తెలవదు కదా."

"మరి ఎలా ఇవ్వాలి?"

"తుడిసీసి, కవర్లు తీసీండి. మట్టి కుండీలో ఇసకేసి, అందులో ఎట్టండి. మెట్ల కాడ నిప్పార్పే బకెట్లో ఇసక ఉన్నాది, ఊరికే పడున్నాది. పైన కాయితం మీద 'బేటరీ ఉంది' అని రాయండి. అది సాలు. ఏటో రాయక్కర్లేదు. బుదవారం నేను ఇనప డబ్బా అట్టుకొస్తాను. షెడ్డులో బేటరీ వేరు సేసి, రాగితీగ తీసుకుంటారు. ఆ రబ్బరు ఎందుకూ పనికిరాదు, అది వేరే ఎల్లిపోద్ది."

పదకొండేళ్ళు దాచిన రహస్యం అయిదు నిమిషాల్లో, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, చెత్త డ్రమ్ము పక్కన తేలిపోయింది. శశిరేఖ కూడా ఎంతసేపు నవ్విందో! ముకుందరావు సర్క్యులర్ చదివిన రోజు తరువాత ఆ నవ్వు నేను వినడం అదే.

నిప్పు బకెట్లో ఇసుకతో పాటు అగరొత్తి పుల్లలు, సిగరెట్టు ముక్కలు కూడా ఉన్నాయి. ఆమె అవన్నీ ఏరింది. ఇంటికొచ్చి కవర్లు ఒక్కొక్కటే విప్పి, పొడిబట్టతో నన్ను తుడిచింది. వినియోగానంతరము, సదరు నిబంధన ప్రకారం. ఎండిపోయిన కరివేపాకు మొక్కది ఒక మట్టి కుండీ ఉంది. అందులో ఇసుక పోసి నన్ను దాచి, మూత పెట్టి, కాగితం మీద గుండ్రటి అక్షరాలతో 'బ్యాటరీ ఉంది' అని రాసి అతికించింది. కుండీని బాల్కనీలో నీడ పట్టున పెట్టింది. ఈసారి ఎండలో కాదు. ఆకుపచ్చ సంచీ మాత్రం నాతో పంపలేదు. ఉతికి, మడిచి, చీరల్లో పెట్టుకుంది.

తరువాత సోమయాజులుగారికి ఫోను చేసింది. ఆయన గొంతు నాకు వినబడలేదు. ఆమెది వినబడింది. "రిజిస్టరు లేకపోతే ఎలాగంటే... బరువు రాసుకోండి సార్. ఎన్ని కిలోలు వచ్చాయో రాసుకోండి, చాలు... అవును, నేను కూర్చుంటాను. మీరు తూకం చూడండి."

మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. బాల్కనీ తలుపు తీసే ఉంది. పప్పు వాసన, చల్లమిరపకాయలు వేగిన ఘాటు ఇసుక దాకా వచ్చాయి.

"నా సెల్లులేవీ?" అన్నారు సీతారత్నమ్మగారు. "మిరపకాయలు తీస్తుంటే కనబడలేదు."

"ఇచ్చేశాం నానమ్మా" అంది లహరి.

"చూశావా శశీ? నా వస్తువు నన్నడక్కుండా ఇచ్చేసింది!"

"తప్పే అత్తయ్యా. మీ వస్తువు మీరే ఇవ్వాలి" అంది శశిరేఖ, అన్నం వడ్డిస్తూ. "ఇంకో సంగతి చెప్పాలి, ఇద్దరూ వినండి. వచ్చేసారి నుంచి కింద ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటున్నాను. మూటలు విప్పం. పైకెత్తి చూపించం. పేర్లు రాయం. లోపల బ్యాటరీ ఉందా, లేదా, ఆ ఒక్క మాటే అడుగుతాం. ఉన్నవాటికి ఇసుక డబ్బా వేరే పెడతాం. నూకరత్నం చెయ్యి ఇంకోసారి కాలకూడదు."

"మంచిదేగా" అంది లహరి. "కానీ ఏముందో తెలియకపోతే ఎలాగమ్మా?"

"తెలిసి ఏం చేస్తావే?"

మిరపకాయ కొరికిన చప్పుడు వినబడింది.

"విప్పరు కదా?" అన్నారు సీతారత్నమ్మగారు.

"విప్పం అత్తయ్యా."

"ఖాయంగా?"

"ఖాయంగా."

"అయితే ట్రంకుపెట్టెలో నాదీ ఒక మూట ఉంది. వచ్చేసారి ఇస్తాను. బ్యాటరీ ఉంది. కొంచెం మజ్జిగ పొయ్యి."

లహరి ముద్ద నోటి దగ్గర ఆపి నానమ్మ వంక చూసింది, తల్లి వంక చూసింది. శశిరేఖ ఏమీ అడగకుండా అత్తగారి కంచంలో మజ్జిగ పోసింది.