మూడో తలుపు

నా ఉద్యోగం గోడలు పగలగొట్టడం. నిజం గోడలు కాదు, కంప్యూటర్ ఆటలోవి. మేం తయారుచేసే ఆటలో ఒక ఊరుంటుంది. గెలవడం, ఓడడం ఏమీ లేదు. ఆడేవాడు ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ కనిపించిన ఇంటినల్లా సుత్తితో కూల్చుకోవచ్చు. అవి సరిగ్గా కూలుతున్నాయో లేదో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూల్చి చూడటం నా పని. ఆఫీసులో నన్ను గునపం అంటారు. మా అత్తయ్య అయితే, "కొంపలు కూల్చి జీతం తెచ్చే కోడలు నాకొక్కదానికే దొరికింది" అని చుట్టాలందరికీ చెప్పుకుంటుంది.

ఆ వారం నాకూ లెక్కల మాస్టారికీ పడటం లేదు. మాస్టారంటే బడి పంతులు కాదు, ఆటలో ప్రతి ఇటుకకీ బరువు లెక్కగట్టి పెట్టే మా ప్రోగ్రామర్. కింద ఓ గోడ తీసేస్తే, పై అంతస్తులో ఎవరూ ముట్టని తలుపు బిగుసుకుపోతోంది. ఇది తప్పు, సరిచెయ్యండి అని ఏడుసార్లు రాశాను. ఏడుసార్లూ ఆయన "తప్పు కాదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. గురువారం పదకొండింటికి నేరుగా ఆయన కుర్చీ దగ్గరికే వెళ్ళి నిలబడ్డాను.

"తలుపు తెరుచుకోకపోతే ఆట పాడైందనుకుంటారు, మాస్టారూ."

"పాడైంది ఆట కాదమ్మా, ఇల్లు," అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "బరువు మోసే గోడ తీస్తే పైకప్పు వెంట్రుకవాసి దిగుతుంది. ద్వారబంధం వంకరపోతుంది. తలుపు పట్టేస్తుంది. ఒక్కోసారి గోడ మీద పగులు కనిపించక ముందే. నిజం ఇళ్ళలోనూ అంతే."

వాదించబోతుంటే మా ఇల్లు గుర్తొచ్చింది.

మా పడగ్గది తలుపు సోమవారం పట్టేసింది. బుధవారం వంటింటి తలుపు. మా ఇంటి కింద లాండ్రీ ఉంది. పెద్ద మిషన్లు పెట్టడానికి సోమవారం నుంచే లోపలి గోడ కొట్టిస్తున్నారు. ఆ చప్పుడు భరించలేక నేనే కిటికీలోంచి రెండుసార్లు అరిచాను.

మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే ఎంత బాగుండేదో. ఆర్నెల్ల కిందట మా ఇంటిని టేపుతో కొలిచి, సరదాకి ఆటలో కట్టుకున్నాను. కింద లాండ్రీ, మధ్యలో దాని యజమాని కాపురం, పైన మేం. ఆయన తెర మీద ఆ ఇల్లు తెరిచి కింది గోడని కొంచెం కొంచెంగా తీసేస్తూ పోయాడు. ముందు పడగ్గది తలుపు బిగుసుకుంది. తర్వాత వంటింటిది. ఆ తర్వాత వీధి తలుపు. అక్కడితో ఆయన ఆపేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇల్లు మాత్రం ఆగలేదు. కాసేపటికి దానంతటదే కుప్పకూలింది.

ఇంట్లో అత్తయ్య ఒక్కతే ఉంది. మోకాలి ఆపరేషనై నెల కాలేదు, వాకర్ పట్టుకుని నడుస్తోంది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.

"అత్తయ్యా, వీధి తలుపు తెరుచుకుంటోందేమో చూడండి."

"ఎందుకే, ఎవరైనా వస్తున్నారా?"

"ముందు చూడండి!"

వాకర్ టకటకలు వినిపించాయి. గడియ తీసిన చప్పుడైంది. "ఇదిగో, వేలితో లాగితే వచ్చేసింది."

మూడో తలుపు దాకా రాలేదన్నమాట. ఇంకా టైముంది. ఫర్వాలేదని మాస్టారికి సైగ చేశాను.

"రాక చస్తుందా," అంది అత్తయ్య. "పొద్దున నువ్వెళ్ళాక ఇదీ మొరాయించింది. వాడు ఆఫీసుకి ఆలస్యమైనా సరేనని, తలుపు ఊడదీసి, అంచు చిత్రిక పట్టి, మళ్ళీ బిగించి మరీ వెళ్ళాడు."

వాడంటే మా ఆయన. పడగ్గదికీ వంటింటికీ కూడా ఆయనే చిత్రిక పట్టాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మొగుడు దొరకడం అదృష్టమని నిన్న నేనే మెచ్చుకున్నాను. మూడోదీ పట్టేసిందని మాస్టారికి మూడు వేళ్ళు చూపించాను.

"ఉన్నదున్నట్టు బయటికి నడవండి. తలుపు వదిలెయ్యండి. ఏమీ తీసుకోకండి."

"చెప్పులైనా వేసుకోనీవే."

"వద్దన్నానా!" అని అరిచాను. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ మీద గొంతు లేపడం అదే మొదలు.

మాస్టారు అప్పటికే నెట్లో నంబరు వెతికి లాండ్రీ యజమానికి ఫోన్ కలిపాడు. "ఆటలో ఇల్లు పడిందని నా పని ఆపుకోవాలా? తెలివి ఉండే మాట్లాడుతున్నారా?" అని అవతల ఆయన ఎగిరిపడుతున్నాడు. పక్కనున్న మేస్త్రి ఫోన్ లాక్కున్నట్టున్నాడు, గొంతు మారింది.

"ఏ తలుపులు పట్టేశాయి సార్?"

మాస్టారు మూడూ చెప్పాడు. వెంటనే మేస్త్రి కేక నాకూ వినిపించింది. "సుత్తులు అవతల పడేసి బయటికి నడవండ్రా! పై వాళ్ళని దింపండి!"

మాస్టారి బైకు వెనక కూర్చుని ఫోన్ చెవికి అదుముకున్నాను. ముప్ఫై ఆరు మెట్లు. ఒక్కొక్కటీ ఆటలో నేను కట్టిందే, లెక్క నాకు తెలుసు. వాకర్ చప్పుడు ఒకసారి, అత్తయ్య మూలుగు ఒకసారి. పదకొండు. పన్నెండు.

"ఆయాసంగా ఉందే. కాసేపు కూర్చుంటాను."

"కూర్చోకండి, మీకు దణ్ణం పెడతాను. నడవండి."

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే బిజీ. మళ్ళీ చేస్తే బిజీ. ఇంటి దాకా ఉన్న నాలుగు వీధులూ ఎలా దాటామో నాకు గుర్తు లేదు. ఏడుస్తున్నానని కూడా మాస్టారు చెబితేగాని తెలియలేదు.

అత్తయ్య వీధికి అవతలి పక్క కుర్చీలో కూర్చుని ఉంది. మేస్త్రి ఎదురెళ్ళి వీపున మోసుకొచ్చాడట. లాండ్రీ యజమాని, అతని భార్య, కూలీలు నలుగురూ చుట్టూ నిలబడ్డారు. ఒక్కొక్కరినీ వేలు పెట్టి లెక్కపెట్టాను. మా ఆయన కూడా ఉన్నాడు. మెట్ల మీద ఫోన్ కట్ చేసింది అత్తయ్యేనట, "నీ పెళ్ళానికి పిచ్చెక్కిందిరా, ఉన్నపళాన రా" అని కొడుక్కి చెప్పడానికి.

"ఏమిటీ హడావిడి?" అన్నాడాయన నన్ను చూసి. చొక్కా చేతి మడతలో పొద్దుటి చెక్కపొట్టు ఇంకా ఉంది.

నేను జవాబు చెప్పేలోగా లాండ్రీ అద్దం పగిలింది. మధ్య అంతస్తు ఉన్నచోటికి మా అంతస్తు దిగింది, అక్కడా ఆగకుండా కిందికి పోయింది. దుమ్ము మా మీదికి వచ్చింది. ఆటలో ఇలాంటివి వేలు చూశాను. ఇక్కడ అత్తయ్య కుర్చీ పక్కనే కూలబడిపోయాను.

దుమ్ము తగ్గాక అత్తయ్య గుప్పిట విప్పింది. అందులో మా ఇంటి తాళంచెవి ఉంది.

"వదిలెయ్యమంటే ఇల్లు అలా ఎలా వదిలేస్తామే," అంది నాతో, పళ్ళు టకటకలాడుతుండగా. "తాళం వేసే వచ్చాను." కొడుకు వైపు తిరిగింది. "ఎంత బాగా చేశావురా నాయనా. వేలితో లాగితే మూసుకుంది."

ఆయన తాళంచెవి అందుకోలేదు. తన చేతులు చూసుకుంటున్నాడు. గోడలు కూల్చి బతికే నాకే తెలియలేదు, నీకెలా తెలుస్తుందని చెబుదామనుకున్నాను. ఆ చిత్రిక ఆయన పుట్టినరోజుకి నేనే కొనిచ్చాను.