మైనపు దిమ్మల వాంగ్మూలం

ఆసుపత్రి వెనక వరండా చివర ఉన్న ల్యాబ్‌లో పని రోజూ ఒకే విధంగా మొదలయ్యేది. శరీరాల నుంచి తీసిన ముక్కలను మైనపు దిమ్మల్లో పొదిగి ఉంచుతారు. టెక్నీషియను దిమ్మను కోత యంత్రానికి బిగించి, ఒక్కసారి వెచ్చగా ఊదుతుంది. అలా ఊదితే పొర చుట్టుకుపోకుండా సాఫీగా తెగుతుంది. ఊపిరి తగలగానే దిమ్మ, తాను ఎవరి దేహంలోదో వారి గొంతుతో నాలుగు మాటలు మాట్లాడుతుంది. వాటిని ఫారంలో ‘దిమ్మ చెప్పినది’ అనే గడిలో రాయాలి. రక్తసంబంధీకులు చదివి సంతకం పెట్టాలి. కాలేయాలు కోతలు కోస్తాయనీ, మూత్రపిండాలు మాటను వడకట్టి మరీ వదులుతాయనీ పెద్ద డాక్టరు చమత్కరించేవారు.

కొత్త జబ్బు వచ్చాక మాస్కు తీయకూడదన్నారు. ఊపిరి తగలక దిమ్మలు మూగబోయాయి. ఆ నెలల్లోనే టెక్నీషియను అక్క అదే ఆసుపత్రిలో చనిపోయింది. జబ్బును ల్యాబ్ నుంచి మోసుకొచ్చింది చెల్లెలేనని అక్క మంచం పట్టగానే చెప్పింది. బావ ఆ మాటనే పదిమందికీ చెప్పాడు. అమ్మ ఆ తర్వాత అక్క కూతురిని చెల్లెలి గడప తొక్కనివ్వలేదు. ఆ నిందను చెల్లెలు కూడా నమ్మింది. పాప కోసం పంపిన బొమ్మలు విప్పకుండానే తిరిగొచ్చినా, తనకు ఇదే తగినదనుకుంది.

ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో నానిన దానిలో వైరస్ బతకదని తేలాక, మాస్కు దించవచ్చని ఉత్తర్వు వచ్చింది. వైరస్ ఏయే అవయవాల్లోకి చేరిందో చూడడానికి దాచిన దిమ్మలు ఐదు ఆమె బల్ల మీదికి వచ్చాయి. వాటి మీద అంకెలే తప్ప పేర్లుండవు.

ఊపిరితిత్తి మీద ఊదగానే, “చెల్లీ, మెల్లగా కొయ్యవే,” అంది అక్క గొంతు.

ఆమె చెయ్యి కోత యంత్రపు చక్రం మీద ఆగిపోయింది. తర్వాత, అలవాటైన క్రమంలో ఒక్కొక్కటే విన్నది. రక్తపోటును అదుపులో ఉంచేందుకు తన కణాల మీద పెట్టుకున్న గొళ్లేన్నే పట్టుకుని వైరస్ లోపలికి వచ్చిందనీ, గాలి గదుల గోడలు కారిపోయి నీరు నిండిందనీ ఊపిరితిత్తి చెప్పింది. అలాంటి గొళ్లేలు తన దగ్గరా లెక్కలేనన్ని ఉన్నాయని పేగు ఒప్పుకుంది. మొదటి రెండు రోజుల విరేచనాలను అందరూ అజీర్ణమే అనుకున్నారట. తనలోకి వచ్చిన వైరస్ కొద్దేననీ, సన్నని నాళాల్లో గడ్డకట్టిన నెత్తురే తనను ఓడించిందనీ గుండె అంది. మూత్రపిండం ముక్తసరిగా, తనకూ తప్పలేదంది.

చివరిది ముక్కు లోపలి పొర. దాని మీద రెండుసార్లు ఊదాల్సి వచ్చింది. 

“ముందు నా దగ్గరికే వచ్చిందే. మీ బావ ఊపిరితో వచ్చింది. వాసన తెలియడం లేదని, నేను మంచం పట్టడానికి నాలుగు రోజుల ముందే నాతో అన్నాడు. పరీక్షలో తేలినా దాచిపెట్టి ఆఫీసుకు వెళ్లాడు. బయటపడితే అతని ఉద్యోగం పోతుందని, నేనే నీ పేరు చెప్పాను. ల్యాబ్‌లో పనిచేసేదానివి కదా, ఎవరైనా నమ్ముతారు.”

ఆమె అక్షరం పొల్లుపోకుండా రాసింది.

సంతకానికి అమ్మ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని ఐదు గడులూ చదివింది. ఐదో గడి దగ్గర కూడా ఆమె ముఖం మారలేదు.

“నాకు తెలుసు,” అంది. “ఆసుపత్రికి వెళ్లేముందే మీ అక్క నాతో చెప్పింది. పాపకు తండ్రయినా మిగలాలి కదమ్మా. నువ్వైతే తట్టుకుంటావనుకున్నాం.”

సంతకం పెట్టింది. కాగితానికి ఎక్కాక ఇక దాచి లాభం లేదనుకుందేమో, ఈ ఆదివారం నుంచి పాపను పంపిస్తానంది.

మాటలు వచ్చినప్పటి నుంచీ అమ్మను ‘నువ్వు’ అనే పిలిచిన కూతురు, ఫారం అందుకుంటూ, “పంపండి. మీరు మాత్రం రాకండి,” అంది.

‘మీరు’ అంటే తానూ అల్లుడూ అనుకుని, అతను ఎలాగూ రాడని చెప్పబోయింది అమ్మ. కూతురి ముఖం చూసి ఆగిపోయింది. ఆ ‘మీరు’ తన ఒక్కదానికే.