ఎడమ కర్ణికలో వంటిల్లు

పరీక్ష రేపనగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆ ఇంటి గుండె తిరగబడి ఉందని బయటపడింది.

కనిపెట్టింది కోడలే. నర్సింగు ప్రవేశపరీక్ష రాయబోయేదీ కోడలే. వచ్చే ఏడాదికి ఆమెకు వయసు హద్దు దాటిపోతుంది. ఆ తర్వాత ఎంత చదివినా దరఖాస్తు తీసుకునేవాళ్లు ఉండరు. రాస్తే ఇప్పుడే రాయాలి, గట్టెక్కితే ఇప్పుడే గట్టెక్కాలి. పగలంతా లాండ్రీ కౌంటర్లో నిలబడి ఊళ్లోవాళ్ల చొక్కాల మీద మరకలు వెతికి, ఇంటికొచ్చి పుస్తకం పట్టేది. అలాగే జీవశాస్త్రం మొత్తం దారికి తెచ్చుకుంది. కణం నోటికొచ్చింది. కిరణజన్య సంయోగక్రియ కంటిముందు కదిలింది. మూత్రపిండమైతే ఆమెకు అచ్చం లాండ్రీయే: మురికి లాగేసి, పనికొచ్చేది తిరిగి ఇచ్చేయడం. ఎంతకీ కొరుకుడు పడనిది గుండె ఒక్కటే. ఏ గదిలోంచి ఏ గదిలోకి రక్తం పోతుందో ఎన్నిసార్లు చదివినా, కళ్లు మూసేసరికి గదులన్నీ కలగాపులగం.

అందుకని ఇంటినే గుండె చేసేశారు.

ఆ ఆలోచన అత్తగారిది. ఆ ఇల్లు ఒకప్పుడు రెండు వాటాలు. వెనక రెండు గదులు, ముందు రెండు గదులు, మధ్యలో నిలువునా ఒక గోడ. ఆ గోడకు తలుపన్న మాటే లేదు. కోడలు పైకి చదువుతుంటే చెవొగ్గి విన్న అత్తగారు, "ఇదేదో మన ఇంటి ప్లానులాగే ఉందే అమ్మాయ్!" అంది.

నిజమే. వీధిలో నిలబడి చూస్తే ఎడం పక్క వాటాలో వెనక వంటిల్లు, ముందు కూర్చునే గది. కుడి పక్క వాటాలో వెనక పడకగది, ముందు రంగుల గది. వెనక సందులోంచి వంటింట్లో అడుగుపెడితే, ఒళ్లంతా తిరిగి అలిసిపోయిన రక్తం కర్ణికలో చేరినట్టు. అక్కణ్ణుంచి ముందుగదిలోకొస్తే జఠరిక. ముందుగదిలోంచి బయటపడి, ఇంటి పక్క ఖాళీ జాగాలో గాలి పీల్చుకుంటే ఊపిరితిత్తులు. చుట్టి వచ్చి పడకగదిలో దూరితే రెండో కర్ణిక. పడకగది దాటి రంగుల గదిలోకొస్తే రెండో జఠరిక. ఇక ఒక్క అంగలో వీధిలోకి, అంటే ఒంట్లోకి.

రంగుల గది కోడలి మొగుడిది. షాపులకు బోర్డులు రాస్తాడు. వీధిలో అందరూ ఆర్టిస్టూ అని పిలుస్తారు, ఆ పిలుపుకి ఆయన ప్రతిసారీ కొంచెం పొడుగవుతాడు. పుస్తకంలో గుండె బొమ్మ ఉన్న కాగితం చించుకుపోయి, ప్రతి గుమ్మం మీదా ఆ గది పేరు ముచ్చటగా, నీడలతో సహా రాసిపెట్టాడు. వంటింటి మీద ఎర్రగా "ఎడమ కర్ణిక".

ఆపైన అత్తగారు కవాటమై కూర్చుంది. ముందుకు పోయేవాళ్లకే దారి. వెనక్కి అడుగేస్తే కర్ర అడ్డం.

"అమ్మా, గ్లాసుడు నీళ్లు. ఇలా ముందుగదిలోంచి వెళ్లి తాగొచ్చేస్తాను" అనేవాడు ఆర్టిస్టు.

"జఠరికలోంచి కర్ణికలోకి రక్తం పోతుందట్రా? పోతే మనిషి బతుకుతాడా? వీధిలోకెళ్లి సందు తిరిగి రా."

ఆయన దాహంతో ఇంటిని చుట్టేస్తుంటే ఎదురింటి టైలరు కిటికీలోంచి అడిగేవాడు, "ఏం పోగొట్టుకున్నావ్ ఆర్టిస్టూ?"

"ఆక్సిజన్" అనేవాడు ఆర్టిస్టు, ఆగకుండా.

ఇన్నాళ్లు ఇలా నడిచాక గుండె కోడలి కాళ్లలోకి దిగిపోయింది. చించిన కాగితం ఏమైందని ఆమె అడగనేలేదు. బోర్డులుండగా కాగితమెందుకు?

ఆ మధ్యాహ్నం ఆఖరిసారి నమూనా పరీక్ష పెట్టింది ఆమె కూతురు. అయిదో తరగతి. అందర్నీ నిలబెట్టి ప్రశ్నలడుగుతుందని ఇంట్లో దాన్ని హెడ్మాష్టారూ అంటారు. పుస్తకం చివరున్న జవాబులు చూసి అన్నీ దిద్ది, పెన్సిలు చెవి మీద పెట్టుకుని తల పంకించింది.

"గుండె తప్ప అన్నీ రైటే. గుండె మొత్తం తప్పే."

"మొత్తం ఎలా తప్పవుతుందే? ఏదీ, అడుగు."

"ఊపిరితిత్తులకి రక్తం పంపేది?"

"ముందుగది. ఎడమ జఠరిక."

"కాదు. కుడి జఠరిక. అన్నిటికంటే మందం గోడ దేనికి?"

"ఒళ్లంతటికీ రక్తాన్ని తోసేదానికి. రంగుల గది. కుడి జఠరిక."

"కాదు. ఎడమ జఠరిక. అమ్మా, నువ్వు చదివావా, నడిచావా?"

కోడలు కాగితం లాక్కుని చూసింది. తెలియక రాసిన తప్పులు చెల్లాచెదురుగా ఉంటాయి. ఇవి అలా లేవు. కుడి అన్నచోటల్లా ఎడమ కావాలి, ఎడమ అన్నచోటల్లా కుడి కావాలి. ఇలాంటిది ఆమె కౌంటర్లో చూసింది. ఒక చొక్కా కనబడకపోతే అది అజాగ్రత్త. ఒకరి బట్టలన్నీ ఇంకొకరికి, ఆ ఇంకొకరివన్నీ వీళ్లకీ పోతే మాత్రం ఎవరో రెండు మూటల చీటీలు మార్చి కట్టారన్నమాట.

ఈ ఇంట్లో చీటీలు కట్టేది ఒక్కరే.

ఆమె రంగుల గదిలోకి నడిచింది. అదీ వీధి వైపునుంచి, నేరుగా, రక్తానికి ఎదురు. అత్తగారు కర్రెత్తబోయి కోడలి మొహం చూసి దించేసింది.

"ఏవండీ, ఆ గుండె బొమ్మ కాగితమేదీ?"

"అదెప్పుడో పోయింది. మీద రంగు ఒలికితే బ్రష్షులు తుడిచేశా."

"అందులో ఎలా ఉందో అలాగే రాశారా బోర్డులు?"

ఆర్టిస్టు కలపనక్కర్లేని రంగును కలపసాగాడు. "అలాగే అంటే... అచ్చుతప్పొకటి ఉంటే సరిచేశాననుకో."

"ఏం అచ్చుతప్పు?"

"ఎడం పక్క గదులకి కుడి అని, కుడి పక్క గదులకి ఎడమ అని వేసేశాడు. ఎంత సిగ్గులేనితనం! చదువుకునేవాళ్ల పుస్తకం! నా కంట పడింది కాబట్టి సరిపోయింది. నీకు చెప్తే కంగారు పడతావని చెప్పలేదు." ఆయన మొహంలో మెప్పు కోసం ఎదురుచూపు.

కోడలు బోర్లించిన డబ్బా మీద కూలబడింది. హెడ్మాష్టారు ఈలోగా ఫోనులో గుండె బొమ్మలు తీసి తండ్రి ముక్కు కింద పెట్టింది.

"ఇందులోనూ ఎడం పక్కే కుడి అనుంది నాన్నా. దీంట్లోనూ. దీంట్లోనూ."

"చూశావా? ఒకణ్ణి చూసి ఒకడు కాపీ కొట్టారు!"

"ఇంతమంది తప్పు, మీరొక్కరే రైటు!" అంది కోడలు. "రేపే కదండీ పరీక్ష. ఇప్పుడు మార్చి చదివితే ఈ కాళ్లు ఊరుకుంటాయా? ఏది రైటో కాదు, ఎందుకు రైటో తెలియాలి నాకు. తెలియకపోతే రేపు మళ్లీ తారుమారే."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న అత్తగారు ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎవరి ఎడమరా?"

"ఎవరిదేంటమ్మా? చూసేవాడిది."

"చూసేవాడికేం పనిరా మధ్యలో? గుండె ఎవరిదో ఎడమ వాళ్లది!"

ఆ తర్వాత జరిగింది టైలరు కిటికీలోంచి మొత్తం చూశాడు. ముసలావిడ చాప చంకన పెట్టుకుని డాబా ఎక్కింది. నాలుగు గదులకూ నడిమధ్యన, తల సందు వైపు, కాళ్లు వీధి వైపు పెట్టి వెల్లకిలా పడుకుంది. కోడలు, కొడుకు, మనవరాలు ఆమె కాళ్ల దగ్గర నిలబడ్డారు.

"ఇప్పుడీ ఇల్లు నా గుండె. ఇది నేను గరిటె పట్టే చెయ్యి" అంటూ కుడిచెయ్యి బారజాపింది. "దీని కిందేముంది?"

ముగ్గురూ ఆ చేతి వెంట చూశారు. ఆమె కుడిచెయ్యి వాళ్లకు ఎడం పక్కన ఉంది. దాని పక్కనే వంటింటి పొగగొట్టం.

"వంటిల్లు" అంది కోడలు నెమ్మదిగా. తర్వాత గట్టిగా, "వంటిల్లే! బొమ్మలో మనిషి మనకి ఎదురుగా ఉన్నాడండీ! ఆయన కుడి మనకి ఎడమ!"

"మరి నా కుడిచేతి కిందున్న వంటింటికి ఎడమ అని రాశావేంట్రా శుంఠా?"

ఆర్టిస్టు చేతికంటిన రంగు గోక్కున్నాడు. "బోర్డుని చూసేవాడి వైపునుంచి రాయడం అలవాటైపోయిందమ్మా" అన్నాడు.

"నాయనమ్మా, ఇక లే. టైలరు మామయ్య అంబులెన్సు పిలవనా అని అడుగుతున్నాడు" అంది హెడ్మాష్టారు.

సాయంత్రానికి నాలుగు బోర్డుల మీదా పేర్లు మారాయి. రంగు ఆరకముందే కోడలు తిరగడం మొదలెట్టింది. ప్రతి గదిలోనూ ఆగి, వీధికి ఎదురుగా తిరిగి నిలబడి, తన కుడిచెయ్యి ఎటుందో చూసుకుని పేరు చెప్పింది. తప్పు చెప్పినప్పుడల్లా ఆర్టిస్టే ముందు ఉలిక్కిపడ్డాడు.

తెల్లారింది. పరీక్ష హాల్లో కోడలి చుట్టూ అందరూ ఆమెకంటే చిన్నవాళ్లే. ముందు కణం వచ్చింది, మొక్కలొచ్చాయి, మూత్రపిండం వచ్చింది. చకచకా దాటేసింది. పేజీ తిప్పింది. పేర్లు లేని గుండె బొమ్మ, చుట్టూ బాణాలు, దాని కింద వరసగా ప్రశ్నలు.

కాళ్లు వంటింట్లోకి నడిచాయి. కళ్లముందు ఎర్రగా పాత బోర్డే వెలిగింది: ఎడమ కర్ణిక. కాదు, మార్చాం కదా. దేన్ని మార్చాం? మార్చిన దాన్ని మళ్లీ మార్చేస్తున్నానా? నిన్నటిలాగే వీధికి ఎదురుగా తిరిగి చూసుకుందామని, తానెక్కడున్నదీ మరిచిపోయి, కుర్చీలోనే గిరుక్కున వెనక్కి తిరిగింది.

వెనకమ్మాయి కెవ్వుమని తన పేపరు చేతుల్తో కప్పేసుకుంది.

"ఏయ్! ఎవరది, వెనక్కి చూసేది?" ఇన్విజిలేటరు పెద్ద పెద్ద అంగలతో వచ్చేశాడు. వస్తూనే పేపరు మీద చెయ్యి వేశాడు. ఆయన లాగితే అంతే సంగతులు. మరో ఏడాది లేదు.

"కాపీ కాదండీ!" రెండు చేతులతో పేపరు పట్టుకుంది కోడలు. "నా కుడిచెయ్యి ఎటుందో చూసుకుంటున్నానంతే!"

"ఇంటి దగ్గర చూసుకుని రావాల్సింది."

"చూసుకునే వచ్చానండీ. ఇక్కడ కూర్చోబెడితే తిరగబడింది."

హాలంతా కిసుక్కుమంది. ఇన్విజిలేటరు ఆమె పేపరూ, వెనకమ్మాయి పేపరూ పక్కపక్కన పెట్టి చూశాడు. వెనకమ్మాయి ఇంకా కణం దగ్గరే ఉంది. కాపీ కొట్టడానికి అక్కడేమీ లేదు. అయినా ఆయన అనుమానం తీరలేదు.

"లేమ్మా. వచ్చి నా బల్ల దగ్గర కూర్చో. నా కళ్లెదురుగా."

కుర్చీ లాగి, తన బల్ల పక్కనే, హాలువైపు మొహం పెట్టి కూర్చోబెట్టాడు. శిక్షే అది. అందరూ ఆమెనే చూస్తున్నారు. కోడలు సిగ్గుతో చచ్చిపోతూ తలెత్తింది.

ఎదురుగా బారులు తీరిన పిల్లలు. వాళ్లకు ఎడమైన కిటికీలు ఆమెకు కుడిచేతి పక్కన ఉన్నాయి. బొమ్మలో మనిషి ఎక్కడ కూర్చుంటాడో, సరిగ్గా అక్కడ కూర్చుంది తను. చూసే అంతమందికీ ఎదురుగా. గుండె తనది. వంటిల్లు తన కుడిచేతి వైపు. ఇక మార్చాల్సిందేమీ లేదు.

కలం ఆగలేదు. కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని. గంట కొట్టేసరికి మొదటి పేజీనుంచి మళ్లీ చూసుకోవడం కూడా అయిపోయింది.

"ఇలా కూర్చోబెట్టినందుకు చాలా థాంక్సండీ" అంది పేపరు ఇస్తూ.

ఇన్విజిలేటరు ఆమెను ఇంకా అనుమానంగానే చూశాడు.

ఫలితం లాండ్రీ కౌంటర్లో ఉండగా ఫోనుకొచ్చింది. ఒక పెద్దమనిషి కోటు మడతపెడుతూ తెర మీద చూసింది. "ఎంపికయ్యారు." మళ్లీ చూసింది. కోటు చేతిలోనే ఉండిపోయింది.

"ఏమ్మా, నా కోటు ఇస్తావా, ఇవ్వవా?"

"ఒక్క నిమిషం ఆగండి బాబాయ్ గారూ. నాకు నర్సింగులో సీటొచ్చింది."

పెద్దమనిషి మొహం వికసించింది. వెంటనే చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతిని కౌంటరు మీద పెట్టాడు.

"మంచిమాట చెప్పావు తల్లీ. ఇదిగో, ఇక్కడ ఎప్పట్నుంచో ఒకటే సలుపు. కాస్త చూడు."

"క్లాసులింకా మొదలుకాలేదండీ!" అంది కోడలు. అంటూనే వంగి చూసింది.