వంటవాడు నోరు విప్పిన బొమ్మ

మా పెదనాన్న కూర్మయ్యగారికి ఆ వారమంతా అన్నం సహించలేదు. కారణం ఒక వంటవాడు. అదీ సినిమాలో వంటవాడు.

మాటల్లేని బొమ్మల రోజుల్లో, రబ్బరు తోటలో తెల్లగుడ్డ పక్కన నిలబడి కథంతా తెలుగులో చెప్పేది ఆయనే. అందులో ఒకటి హత్య బొమ్మ. డబ్బున్న ముసలమ్మను ఆమె వంటవాడు చంపుతాడు. తమలాంటివాడు హంతకుడంటే తోట జనం ఒప్పుకుంటారా? అందుకని పెదనాన్న ఆ హత్యను ముసలమ్మ అల్లుడికి, సూటు వేసుకున్న దొరకు, అంటగట్టారు. చివర్లో పోలీసులు వంటవాణ్ణి పట్టుకుపోతుంటే, "సాచ్చీకం సెప్పడానికి తీసికెళ్తన్నారు" అనేశారు. జనం చప్పట్లు కొట్టారు.

మా దేశానికి మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది అదే కథను మాటలతో మళ్లీ తీసిన బొమ్మ ఇపో పట్నం చేరింది. అడవిలో దాగిన తిరుగుబాటుదార్ల కోసం పెట్టిన కర్ఫ్యూ గొడవ లేకుండా మా తెలుగు సంఘం హాల్లో మధ్యాహ్నమే ఆట పెట్టి, కిటికీలకు నల్లగుడ్డలు కట్టాం. పెదనాన్నకు దండ వేసి ముందు వరసలో కూర్చోబెట్టారు.

"ఒరే, ఆడు నోరిప్పితే నా పరువు పోద్దిరా," అన్నారు నా చెవిలో. "ఇంగిలీసు ఇక్కడ నీకొక్కడికే వచ్చు. ఎవరైనా అడిగితే అల్లుడే సంపినాడని సెప్పీ లా," అంటూ, అక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా'తో ముగించారు.

"అబద్ధం సెప్పలేను పెదనాన్నా."

"సింగపూరు పంపి సదివించింది ఇందుకేటి?"

బొమ్మ మొదలైంది. పాతదానిలో కళ్లు తిప్పి, చేతులు ఊపి చేసినవన్నీ ఇందులో కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ తోటలోనే పెరిగిన పాపమ్మత్త ఆవలించింది. చివరకు పోలీసుల మధ్య వంటవాడు గట్టిగా అరిచాడు.

"ఏటన్నాడ్రా?" అంది అత్త.

హాలంతా నా వైపు తిరిగింది. పెదనాన్న దండలో పువ్వు తుంచి నలుపుతున్నారు.

"ముసలమ్మని నేనే సంపినానంటన్నాడు."

అత్త నిట్టూర్చింది.

"పాపం! కొట్టి ఒప్పించేసినారు."

"మరే! మా తమ్ముడిచేతా అలాగే గదా, అడవిలోళ్లకి బియ్యం మోసినానని ఒప్పించినారు," అన్నాడు అచ్చయ్య మామ. వెనక వరసల వాళ్లంతా అవునంటే అవునన్నారు.

పెదనాన్న లేచారు. "లెచ్చుమనన్! ఆ సౌండు తగ్గించు లా," అని మిషను దగ్గరి మనిషిని కేకేసి, తెర పక్కకు నడిచారు. తెర మీద అల్లుడు భార్య చెయ్యి పట్టుకుని ఓడ ఎక్కుతున్నాడు.

"అదిగో సూడండి, దొర పారిపోతన్నాడు!"

"ఒట్టుకోండ్రా ఆడిని!" అంటూ పాపమ్మత్త చెప్పు తీసింది.