గడ్డి ఫోటో

కసిమిరా బోర్లా పడుకుని అప్పటికి గంటన్నర అయింది. అరవై మూడేళ్ల వయసులో, ఏటిగట్టు మీది గడ్డిలో, అదీ ఆదివారం పూట గుడికి వేసుకునే పూలగౌనుతో. ఆ గౌను అంచు ఆవిడ కుట్టుకున్నదే. ఎక్కడ మొదలుపెట్టినా చివరికొచ్చేసరికి కిందికి వాలిపోయే కుట్టు అది. దాన్ని చూసి కోడలు యమిలెత్ రోజూ నవ్వుతుంది.

ముక్కు మీద చీమ పాకుతున్నా కసిమిరా తోలలేదు. ఎదురుగా గడ్డి తప్ప ఏమీ లేదని ఎవరైనా ఒట్టేసి చెబుతారు. సగం ఎండి సగం పచ్చగా ఉన్న ఆ గడ్డిలోనే, నాలుగు బారల దూరంలో, కడుపుతో ఉన్న ఇగువానా, ఉడుమంత తొండ, ఒకటి ఆవిడకు కనబడుతోంది. ఒళ్లు గడ్డి రంగు, తోక మీది చారలు గడ్డి నీడల రంగు.

కనబడగానే అలవాటు కొద్దీ ఆవిడ పెదవులు “నాదే” అన్నాయి. తాతల నాటి కట్టుబాటది. ఇగువానాను ముందు చూసి “నాదే!” అని అరిచినవాళ్లదే అది. ఇంకొకరు దాన్ని కర్రతో కూడా తాకకూడదు. అది చేసే ఆగడాలూ వాళ్ల నెత్తినే పడతాయి. ఒకసారి కసిమిరా మొగుడు “నాదే” అన్న ఇగువానా పారిపోయి పొరుగువాళ్ల గుమ్మడిపాదు తొక్కేస్తే, పాపం, ఆయనే కొత్త పాదు పెట్టి ఇచ్చుకోవాల్సి వచ్చింది. దగ్గరుండి పెట్టించినవాడు ఇలారియో.

ఇలారియో రైతు సంఘానికి పెద్ద. కసిమిరా పెద్దకొడుకు బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు కనుక, అప్పటినుంచీ వాళ్లిద్దరూ ఒకరినొకరు కొంపాద్రే, కొమాద్రే అని పిలుచుకుంటారు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. సోమవారం గట్టంతా తగలబెట్టి, వానలు పడగానే నువ్వులు చల్లాలని ఆయన తీర్మానం.

“అక్కడ ఇగువానాలు గుడ్లు పెడుతున్నాయి కొంపాద్రే,” అంది కసిమిరా పోయిన వారం. “వానలు పడితే పిల్లలు బయటికొచ్చేస్తాయి. అందాకా ఆగు. ఆ గడ్డి నేనే కోసిపెడతా.”

“పదేళ్లుగా అక్కడ ఇగువానా తోక కూడా లేదు. ఫోటో తీసి చూపించు కొమాద్రే, అగ్గిపుల్ల ముట్టుకుంటే ఒట్టు.”

కసిమిరాది ఉత్త పంతం కాదు. పదేళ్ల కిందట వరుసగా వానలు తప్పి మొక్కజొన్న మాడిపోయినప్పుడు, ఆవిడ మనవల కడుపు నింపింది ఈ గట్టు మీది ఇగువానాలే. వాటి పొట్ట కోసి గుడ్లు తీసుకుని, సూదీ దారంతో కుట్టి వదిలేసేది. కుట్టినవి బతుకుతాయని అందరూ అనేవారు. వాటిలో ఒక్కదాన్నీ ఆవిడ మళ్లీ చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకు సిగ్గుగా ఉంటుంది.

“అత్తమ్మా, అయిందా? ఛార్జింగ్ తొమ్మిది శాతమే ఉంది!” చెట్టు చాటు నుంచి యమిలెత్ గుసగుసలాడింది. కసిమిరా చేతిలోని ఫోన్ ఆమెది మరి.

“నోరు ముయ్యవే తల్లీ. తలాడిస్తోందది.”

“ఎక్కడ? నాకు గడ్డే కనిపిస్తోంది.”

“నీకు ఫోన్లో తప్ప బయట ఎప్పుడేం కనిపించిందని?”

ఇగువానా ఒక కన్ను ఇటు తిప్పింది. కసిమిరా ఊపిరి బిగబట్టి నొక్కింది. నొక్కిన వేలు తియ్యకుండా, అది మాయమయ్యేదాకా నొక్కుతూనే ఉంది. పందొమ్మిది ఫోటోలు వచ్చాయి.

మధ్యాహ్నం సంఘం షెడ్డులో అందరూ చేరారు. ఇలారియో కుంటికాలు చాపుకుని, సొరబుర్రలో మొక్కజొన్న పానకం తాగుతున్నాడు. మూడేళ్ల కిందట ఇగువానా కోసం చెట్టెక్కి, కాలు జారి పడి, తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక జన్మలో ఇగువానా ముట్టనని మరియమ్మకు మొక్కుకున్నాడు. ఉపవాస దినాల్లో ఊరంతా మాంసం మానేసి, ఇగువానా పులుసును మాత్రం చేపల లెక్కలో వేసుకుని తాగుతుంటే, ఆయన కిటికీలు మూసుకుని కూర్చుంటాడు. ఎవరైనా అడిగితే, “దాని రూపమే మర్చిపోయాను,” అంటాడు.

ఫోన్ చేతులు మారింది. నాలుగు ఫోటోల్లో కసిమిరా బొటనవేలు, ఒకదాన్లో గడ్డం, మిగిలిన వాటిలో గడ్డి.

“గడ్డి భలే ఏపుగా వచ్చింది కసిమిరమ్మా. మా ఆవుకు చూపించి తెస్తానుండు!” అన్నాడొకడు. షెడ్డంతా ఘొల్లుమంది.

“వేలు పెట్టి చూపించు అత్తమ్మా,” అని యమిలెత్ బతిమాలింది.

కసిమిరా వేలు పెట్టింది. బొమ్మ ఉబ్బింది, చిక్కింది, పక్కకు జారిపోయి యమిలెత్ పుట్టినరోజు కేకు వచ్చింది. మళ్లీ వెనక్కి తెచ్చి ఎంత వెతికినా, గట్టు మీద అంత స్పష్టంగా చూసిన జంతువు ఇప్పుడు ఆవిడకే కనబడలేదు. రేపీపాటికి అక్కడ బూడిదే మిగులుతుంది.

“ఇటివ్వండి,” అని ఇలారియో ఫోన్ అందుకుని, అద్దాలు ముక్కు మీదికి దించాడు. “చూడండి, ఇది గడ్డి. ఇదీ గడ్డే. ఇదిగో, ఇది...”

ఆయన గొంతులో గుటక కదిలింది. సొరబుర్ర పక్కన పెట్టాడు. విరిగిన తుంటి సంగతే మర్చిపోయి నిటారుగా లేచి, ఫోటో మీద వేలు గుచ్చి అరిచాడు.

“నాదే!”

అందరూ ఆయన వైపు తిరిగారు.

“ఏది నీది కొంపాద్రే?” అంది కసిమిరా మెల్లగా.

“అబ్బే... గడ్డి. గడ్డి సంఘానిదే కదా, అందుకని...”

“ఆ వేలు అక్కడే ఉంచు.”

యమిలెత్ వచ్చి ఆ వేలి కింది చోటును పెద్దది చేసింది. ముందు ఒక కన్ను, తర్వాత దవడ మీద గుండ్రటి పొలుసు, వీపు మీద ముళ్లు. అందరూ ఒక్కసారే “ఆ!” అన్నారు.

“రూపం మర్చిపోయానన్నావు?” అంది కసిమిరా. “ఆనాడు కాలు జారితే కట్టు కట్టించుకున్నావు. నోరు జారితే ఎవరు కడతారయ్యా కట్టు? నాదే అన్నావు, ఇంకెవరూ తాకడానికి లేదు. మొక్కుంది గనక నువ్వూ తాకడానికి లేదు. మా ఆయన చేత గుమ్మడిపాదు పెట్టించిన పెద్దమనిషివి, రేపు అగ్గిపుల్ల ఎవరు గీస్తారో నువ్వే చెప్పు.”

ఇలారియో పొట్ట పట్టుకుని అందరికంటే గట్టిగా నవ్వాడు.

“వానలు పడేదాకా గట్టు జోలికి పోతే ఊరుకోను, తెలిసిందా? దాని పొట్ట చూశారా? నలభై గుడ్లకు తక్కువుండవు!” అన్నాడు. అప్పుడే సొంతదారు గర్వం వచ్చేసింది గొంతులోకి.

కసిమిరా ఆయన ముక్కు మీది అద్దాలు లాక్కుని పెట్టుకుని చూసింది. అది ఆవిడ గంటన్నర సేపు కాచిన ఇగువానా కాదు. ఫోటో అంచున, ఆవిడ మోచేతికి రెండు మూరల దూరంలో, వేరొకటి. తను దూరంగా ఉన్నదాన్ని చూస్తుంటే, ఇది పక్కనే పడుకుని తననే చూస్తూ ఉంది.

దాని పక్కటెముకల కింద పాత మచ్చ ఒకటి పొడుగ్గా సాగింది. తిన్నగా మొదలై, చివరికొచ్చేసరికి కిందికి వాలిపోయింది.

కసిమిరా తన గౌను అంచు వైపు చూసుకుంది. కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది.

“నాదే,” అంది. నలభై గుడ్ల సంగతి చెప్పడంలో పడిన ఇలారియో వినిపించుకోలేదు. విన్నా లాభం లేదు, ముందు అరిచింది ఆయనే.