రుద్రన్నగా అచ్చయిన ముఖం

అయినా, ముఖం ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టేనా? ఈ ప్రశ్న అడిగే హక్కు నాకుంది. నేను ఒక జింకు బ్లాకుని. రెండంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు, వెనక టేకు చెక్క, నాలుగు మేకులు. సిరా రాసి కాగితం మీద ఒత్తితే నాలోంచి ఒక మనిషి వస్తాడు. దగ్గరగా చూస్తే మనిషి కాదు, చుక్కలు. దూరం నుంచి చూసేవాళ్ళే నన్ను నమ్ముతారు.

బెజవాడలో ఒక దినపత్రిక వెనకగదిలో, యాసిడ్ తొట్టిలో పుట్టాను. ముఖం తేలాలంటే ముఖం కానిదంతా యాసిడ్ తినెయ్యాలి. తొట్టిలోంచి తీసి చెక్కకు బిగించాక ఫోర్‌మన్ దావూద్ మేస్త్రి నా వీపు మీద ‘రుద్రన్న’ అని రాశాడు. పేరుతో పాటు తొమ్మిది హత్యలు, రెండు పోలీసు ఠాణాల మీద దాడులు నా వంతుకొచ్చాయి. అప్పటికి నేను పుట్టి గంట కాలేదు.

రుద్రన్న ఏజెన్సీ కొండల్లో దళం నడిపే నాయకుడు. బ్లాకుల బీరువాలో నా పక్కన ఒక మంత్రిగారు, ఆయన పక్కన ఒక సినిమా తార ఉండేవారు. మంత్రిగారు పదవి పోయాక మళ్ళీ బయటికి రాలేదు. నన్ను మాత్రం రుద్రన్న చచ్చినప్పుడల్లా తీసేవారు. ఆరేళ్ళలో అతను మూడుసార్లు చచ్చాడు. ఒకసారి వాగు దాటుతూ, ఒకసారి పాము కరిచి, ఒకసారి సొంత మనుషుల చేతిలో.

ఆ చావుల్ని నమ్మనివాడు పత్రికలో ఒక్కడే. సబ్ ఎడిటర్ తంగిరాల సోమయాజులు. పోలీసు ప్రకటనలో ‘ఎదురుకాల్పులు’ అని కనబడితే ఎవరు ఎవరికి ఎదురొచ్చారని రాసేవాడు. అడవి నుంచి వచ్చిన కరపత్రంలో ‘ప్రజలు శిక్షించారు’ అని ఉంటే ఆ ప్రజల్లో ఒక్కరి పేరు చెప్పమనేవాడు. రెండువైపుల నుంచీ బెదిరింపు ఉత్తరాలు వచ్చేవి. అవి వచ్చినరోజు అతను కాస్త హుషారుగా ఉండేవాడు. అందరూ తిట్టడమే తను నిజం రాస్తున్నాననడానికి రుజువని అతని నమ్మకం. ఒంటరి మనిషి, మెస్సులో మజ్జిగని కూడా శంకించి తాగేవాడు.

అలాంటివాడు నన్ను ఒక్కనాడూ శంకించలేదు. ‘ఈ కళ్ళలో జాలి ఎప్పుడో ఇంకిపోయింది’ అని నా గురించి రాశాడు. ఆ కళ్ళు ఎండ మొహాన కొట్టి చికిలించినవి. అది చెప్పడానికి నాకు నోరు లేదు.

ఒక బుధవారం పత్రికలో రుద్రన్న నాలుగోసారి చచ్చాడు. గురువారం మధ్యాహ్నం సోమయాజులు తన రాత ముగించాడు. చచ్చినట్టు సాక్ష్యం లేదు, బతికే ఉన్నాడనుకోవాలి అన్నది సారాంశం. దావూద్ పేజీని ఇనుప చట్రంలో బిగించాడు, నడిమధ్య నన్ను. సాయంత్రం రైలుకి వెళ్ళే ప్రతులు గంటలో మిషనెక్కాలి.

అప్పుడు ఒక మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. నాలో ఉన్న మీసం గొరిగించుకున్నాడు, జుట్టు పక్క పాపిడి నుంచి నడిమి పాపిడికి మార్చాడు. దావూద్ అతన్ని చూసి, చట్రంలో ఉన్న నన్ను చూసి, చేతిలోని సుత్తి కింద పెట్టడం మర్చిపోయాడు.

తన పేరు బూరాడ సన్యాసయ్య అనీ, పార్వతీపురం దగ్గర డ్రిల్లు మాస్టర్ననీ చెప్పుకున్నాడు. నిన్నటి పేపరు చూసి రాత్రి బండి ఎక్కాడట. పోయినసారి సోమయాజులు రాత వచ్చిన మూడోరోజున పోలీసులు అతన్ని బస్సులోంచి దింపి పన్నెండు రోజులు ఉంచుకున్నారు. ఎడమచెయ్యి చూపించాడు. రెండు వేళ్ళు వంగవు.

“పోలీసోళ్ళు సచ్చిపోనాడని సెప్తే నాకు నిమ్మళమే బాబూ. తమరేటో బతికున్నాడని రాస్తన్నారు, పక్కన నా మొకం ఎడతన్నారు. ఈసారి నన్ను బస్సు దింపరు, ఆడికాడే కాల్చేస్తారు.”

సోమయాజులు బుర్ర మామూలు దారినే పోయింది. వీడే రుద్రన్న అయితే? తన ఒక్కగానొక్క ఫొటోని లోకంలో లేకుండా చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఎత్తు ఉందా? చేతివేళ్ళు అడవిలోనూ విరుగుతాయి.

సన్యాసయ్య సంచిలోంచి అట్టకి అంటించిన గ్రూపు ఫొటో తీశాడు. ట్రైనింగు స్కూల్లో దిగింది, కింద పేర్లు అచ్చువేసి ఉన్నాయి. రెండో వరసలో ఎడమనుంచి మూడోవాడు పొట్నూరు రుద్రయ్య, కొండలెక్కాక రుద్రన్న. కుడినుంచి మూడోవాడు సన్యాసయ్య. పేర్లు ఏ ప్రెస్సులోనైనా అచ్చవుతాయని సోమయాజులు మనసులో అనుకున్నాడు. అయినా లేచి, నన్ను తయారుచేసిన ఆఫీసు ఫొటో వెతికి తెచ్చాడు. అదే గ్రూపు, అట్ట లేదు, పేర్లు లేవు.

మా దగ్గర ఫొటో ముందువైపు ఎవరూ రాయరు, బ్లాకులో పడుతుందని. ఆనాటి విలేకరి వెనకవైపు, రుద్రయ్య ముఖం సరిగ్గా ఎక్కడుందో అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. బ్లాకులు చేసేవాడు వీపు చూసి, సున్నా కుడినుంచి మూడో చోట ఉందని గుర్తుంచుకుని, ఫొటో తిప్పి, కుడినుంచి మూడోవాణ్ణి తీశాడు. కాగితం తిరిగితే కుడి ఎడమవుతుందని అతనికి తట్టలేదు. సోమయాజులు ఫొటోని ట్యూబులైటుకి అడ్డంపెట్టాడు. సున్నా ఎడమనుంచి మూడోవాడి తల చుట్టూ నిలిచింది.

చాలాసేపు దించలేదు. సున్నా చుట్టినవాడు పొరబడలేదని నమ్మకమేమిటి? ఈ ఆరేళ్ళూ తను చదివిన క్రూరత్వం ఎవరిది? ఆ చుక్కల్లో తను చూసింది ఎవర్ని? ఇది నా ఊహే, కానీ అతని బతుకులో మొదటిసారి అనుమానం ఇంటికి తిరిగి వచ్చింది.

“మీరు చెప్పిందంతా నమ్మాననుకోకండి మాస్టారూ” అన్నాడు చివరికి.

“నమ్మొద్దు బాబూ. అచ్చెయ్యకండి, సాలు.”

మిషను దగ్గర్నుంచి పేజీ పంపమని కేక వచ్చింది. బొమ్మ తీస్తే పేజీ మధ్యలో తెల్ల బొక్క పడుతుందనీ, ఎడిటరుగారికి ఏం చెబుతారనీ దావూద్ అడిగాడు. బిగించిన పేజీని సబ్ ఎడిటర్లు ముట్టుకోకూడదన్నది దావూద్ పెట్టిన కట్టుబాటు, ఇరవయ్యేళ్ళుగా ఎవరూ దాటలేదు. ఆ రోజు దావూద్ చేతులు కడుక్కోవాలని గుర్తొచ్చినట్టు పక్కకి వెళ్ళాడు. సోమయాజులు చట్రం వదులు చేసి, గోరు నా అంచు కింద దూర్చి, నన్ను బయటికి లాగాడు.