చేతులు కట్టుకుని చూడడం

ఆ పిల్లల సంరక్షణ కేంద్రంలో ఆమెను అందరూ బెత్తం అక్క అనేవారు. పదకొండేళ్లుగా అక్కడ పిల్లల్ని చూసుకుంటున్న మనిషి. ఒకప్పుడు ఆమె చేతిలో నిజంగానే బెత్తం ఉండేది. మేనేజరమ్మ దాన్ని విరిచి చెత్తబుట్టలో పడేసి నాలుగేళ్లయింది కానీ పేరు మాత్రం వదల్లేదు. ఇప్పటికీ అక్క ఒక్క కేక వేస్తే ముప్పైమంది పిల్లలు గోడకి బల్లుల్లా అతుక్కుపోయేవారు.

ఆ ఏడు సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి ఒకావిడ వచ్చింది. పొట్టి మనిషి, ముక్కు మీదకి జారే కళ్లద్దాలు, చేతిలో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం. టీచరమ్మ అని పిలిచేవారు. ఆవిడ వస్తూనే పెరట్లోకి పాత టైర్లు, అట్టపెట్టెలు, తాళ్లు, చెక్కపలకలు, చిరిగిన దుప్పట్లు తెప్పించి కుప్ప పోయించింది. డబ్బిచ్చి చెత్త కొనుక్కున్నట్టుందని అక్క వంటావిడ దగ్గర గొణిగింది.

శిక్షణలో చెప్పినవి వినడానికి తేలికగానే ఉన్నాయి. ఆట పిల్లలది. ఏం ఆడాలో, ఎలా ఆడాలో, ఎప్పుడు ఆపాలో పెద్దవాళ్లు చెప్పకూడదు. పిలిస్తే ఆటలోకి వెళ్లొచ్చు, పిలవకపోతే దూరంగా కూర్చుని చూడాలి. నిజంగా ప్రమాదం అనిపిస్తేనే అడ్డుపడాలి. కొట్టుకుంటున్న పిల్లల చేతుల్ని చూస్తే అది ఆటో నిజమో తెలియదు, మొహాలు చూస్తే తెలుస్తుంది. ఆటలో కొట్టినవాడు కాసేపటికి తానూ కొట్టించుకుంటాడు. నిజం దెబ్బలాటలో వంతులుండవు. ఇంకోటి, చూస్తున్నంతసేపూ మన ఒంట్లో ఏమవుతోందో కూడా గమనించుకుని రాసుకోవాలి.

"నా ఒంట్లో ఏమవుతుంది మేడం, నడుంనొప్పి తప్ప" అంది అక్క. అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వి, అదీ రాయమంది.

మూడో వారంలో ఆరేళ్ల పిల్ల ఒకతి కొత్త ఆట మొదలుపెట్టింది. ఆ పిల్ల నోట్లోంచి మాట ఊడిపడడమే గగనం కాబట్టి మూగపిట్ట అనేవారు. తల్లి లాండ్రీలో ఇస్త్రీ పనికి పోతూ పొద్దున్నే దింపేది. తండ్రి గోదాములో బస్తాలు మోస్తాడు. మూగపిట్ట ఒక దుప్పటిని చుట్ట చుట్టి, తాడు కట్టి, పాపాయిని చేసింది. టైరులో కూర్చోబెట్టి ఖాళీ డబ్బాతో పాలు పట్టింది. ఉన్నట్టుండి చాచి కొట్టింది.

"పాలు ఒలకబోస్తావా? నోరు ముయ్. మూస్తావా లేదా?"

తాడు మడిచి బాదింది. జుట్టున్నట్టు పట్టుకుని తలని టైరుకేసి కొట్టింది. మధ్యలో ఆగి, అట్టపెట్టెల్లో కూర్చున్న ఇద్దరు పిల్లలవైపు తిరిగి, "మీరు పక్కింటోళ్లు కదా, పాప ఏడవగానే తలుపేసుకోవాలి" అని నేర్పింది. వాళ్లు బుద్ధిగా అట్టతలుపులు వేసుకున్నారు. మళ్లీ బాదడం మొదలైంది.

అక్కకి గుండెల్లో నిప్పు పోసినట్టయింది. ఆమె మేనమామ ఇంట్లో పెరిగింది. ఆయన బూటు మడమ ముద్ర ఇప్పటికీ ఆమె వీపు మీద ఉంది. పరుగున వెళ్లి ఆ తాడు లాక్కుని పిల్లని నాలుగు పీకాలనిపించింది. టీచరమ్మ కళ్లతోనే ఆగమంది. అక్క రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు నోటుపుస్తకంలో ఒక్క ముక్కే రాసింది: అరచేతులు దురద పెట్టాయి.

వరసగా నాలుగురోజులు అదే ఆట. నాలుగో రోజున అక్కకి ఒకటి తట్టింది. కొట్టేముందు ప్రతిసారీ మూగపిట్ట దుప్పటి ఎడమ కొసని వెనక్కి మెలితిప్పుతోంది. అన్ని పనులూ కుడిచేత్తోనే చేస్తోంది. ఎడమచెయ్యి పక్కటెముకలకి ఆనించి ఉంచుకుంటోంది. చేతులు కడిగే నెపంతో లోపలికి తీసుకెళ్లి అక్క మెల్లగా చొక్కా పైకెత్తింది. మోచెయ్యి వాచి ఉంది. పైన నాలుగు వేళ్ల ముద్రలు. వీపు మీద బెల్టు బకిల్ వాతలు, కొన్ని పాతవి, కొన్ని ఇంకా పచ్చిగా.

మేనేజరమ్మ వెంటనే పిల్లల రక్షణ అధికారికి ఫోన్ చేసింది. డాక్టరు ఎముక చిట్లిందని కట్టు కట్టాడు. తల్లిని పిలిపిస్తే, కొట్టేది మొగుడేనని అంతా చెప్పింది. తల్లీకూతుళ్లను మర్నాడు సాయంత్రం ఆశ్రయానికి పంపుతామని, అందాకా పిల్లని కేంద్రంలోనే ఉంచాలని, తండ్రికి ఇవ్వొద్దని అధికారి కాగితం రాసిచ్చాడు. ఈ సంగతి ఎవరు మోశారో, మర్నాడు మధ్యాహ్నమే తండ్రి వచ్చాడు.

గేటు గొళ్లెం రెండు తన్నులకి ఊడింది. అడ్డం వచ్చిన మేనేజరమ్మ తలని పట్టుకుని ఇనప చువ్వలకేసి కొట్టాడు. ఆమె నుదురు చీలి, రక్తం కళ్లలోకి కారుతుండగా అక్కడే కూలబడింది. అతను వెనక్కి చూడకుండా పెరట్లోకి వచ్చాడు. అక్క ఎదురు నిలబడింది. అతని మొహం చూసింది. అందులో కోపం కూడా లేదు, పనిలోకి వచ్చినవాడి మొహంలా ఉంది. వీడు ఆగడని ఆమెకి అర్థమైంది.

"నా కూతురు. తప్పుకో" అన్నాడు.

"తప్పుకోను."

పిడికిలి దవడ మీద పడింది. లోపల ఏదో విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. కిందపడ్డాక పక్కటెముకల్లో రెండుసార్లు తన్నాడు. తర్వాత అట్టపెట్టెలో దాక్కున్న పిల్లని కట్టు ఉన్న చెయ్యి పట్టుకునే బయటికి ఈడ్చాడు. మూగపిట్ట అరవలేదు. నోరు మూసుకోవడం ఆ పిల్లకి బాగా వచ్చు.

అక్క ఎలా లేచిందో ఆమెకే తెలియదు. చేతికి చెక్కపలక దొరికింది. మోకాలి వెనక కొట్టింది. అతను వంగగానే భుజం మీద, తర్వాత చెవి దగ్గర. అతను పడిపోయి, పిల్లని వదిలేసి, చేతులు అడ్డం పెట్టుకుని "వద్దు, వద్దు" అన్నాడు. ఆ చేతుల మీదే కొట్టింది. వేళ్లు విరిగాయి. మొహం మీద కొట్టింది. ఆమె నోట్లోంచి రక్తం, లాలాజలం అతని మీద కారుతున్నాయి, ఆమె కొడుతూనే ఉంది. చివరికి టీచరమ్మ వెనకనుంచి నడుం పట్టుకుని వేలాడి, చెవిలో చెప్పింది.

"అయిపోయింది అక్కా. పిల్లలు చూస్తున్నారు."

పలక జారిపడింది. టైర్ల పక్కన తొమ్మిదిమంది పిల్లలు నిలబడి ఉన్నారు. ఒక్కరూ ఏడవడం లేదు.

అతను బతికాడు, ఒక కన్ను పోయింది. తర్వాత జైలుకి పోయాడు. మేనేజరమ్మకి పదకొండు కుట్లు పడ్డాయి. అక్క దవడకి తీగ వేశారు. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. నలభైరోజులు గొట్టంతో నీళ్లూ జావా తాగుతూ ఇంట్లో కూర్చుంది. పిల్లని కాపాడడానికే కొట్టిందని అధికారులు తేల్చారు. పరామర్శకు వచ్చినవాళ్లు అమ్మవారివి తల్లీ అని పొగిడారు. ఆమెకి ఆ పొగడ్త గొంతు దిగలేదు. విచారణలో చెప్పని మాటని నోటుపుస్తకంలో రాసి టీచరమ్మకి ఇచ్చింది: మూడో దెబ్బకే వాడు పడిపోయాడు, మిగతావి నాకోసం కొట్టాను. టీచరమ్మ చదివింది. తప్పనలేదు, ఒప్పనలేదు. ఎప్పట్నుంచి పనిలోకి వస్తారని అడిగింది.

తిరిగి వచ్చిన రోజున పెరట్లో పిల్లలు ఆ మధ్యాహ్నాన్నే ఆడుతున్నారు. ఒకడు గేటు దగ్గర మేనేజరమ్మలా కూలబడ్డాడు. ఒకతి టీచరమ్మ. తండ్రి వేషానికి మాత్రం ఎవరూ ఒప్పుకోవడం లేదు. మూగపిట్ట తల్లితోపాటు ఆశ్రయంలో ఉంటూ పగలు ఇక్కడికే వస్తోంది. చెయ్యి నయమైంది. ఆ పిల్ల వచ్చి అక్క వేలు పట్టుకుంది.

"నువ్వు మా నాన్నవి. ఇక్కడ పడుకో."

అక్క టీచరమ్మ వైపు చూసింది. ఆవిడ తల ఎత్తకుండా ఏదో రాసుకుంటోంది. పిలిచారు కాబట్టి అక్క వెళ్లి మట్టిలో పడుకుంది. మూగపిట్ట అట్టగొట్టం తీసుకుని కొట్టింది. చేతులు అడ్డం పెట్టుకోమంది, పెట్టుకుంది. వద్దు అనమంది, అంది. మళ్లీ మళ్లీ కొట్టింది. తగిలేది అట్టే అయినా దవడలో పోటు లేచింది.

"ఇప్పుడు ఏడవాలి" అంది మూగపిట్ట.

అక్క ఏడుపు నటిద్దామని నోరు తెరిచింది. తెరిచాక ఆపుకోలేకపోయింది. మట్టిలో బోర్లా తిరిగి, భుజాలు అదిరిపోయేలా ఏడ్చింది. పిల్ల గొట్టం దించి, పక్కన గొంతుక్కూర్చుని, తల వంచి ఆమె మొహంలోకి చూసింది.

"నిజంగా కాదక్కా. ఉత్తుత్తికే" అంది.

లేచి, అక్కకి ఆట సరిగ్గా రాలేదు, మొదట్నుంచి ఆడదాం అంటూ అందర్నీ ఎవరి చోట్లకి వాళ్లని తరిమింది.